గలిలయ దారిలో పులగం

నేనుండేది ఆస్టిన్‌లో. మా కంపెనీకి ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒక ఆఫీసు ఉంది. ఎం.ఎస్. చేసి ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ పొద్దున్నే నేను మాట్లాడేది ఆ ఆఫీసు వాళ్లతోనే. 2019 మార్చిలో మూడు వారాల పని మీద అక్కడికి వెళ్లాను. పని అయ్యాక నాలుగు రోజులు సెలవు పెట్టి, మా టీమ్‌లోని ఒక ఇంజినీరుతో కలిసి నజరేతు నుంచి కపెర్నహూము దాకా 65 కిలోమీటర్లు నడిచాను.

ఆయన యూదుడు. హైఫాలోనే పుట్టి పెరిగాడు. వాళ్లింటి నుంచి నజరేతుకు కారులో ముప్పావుగంట. ఇజ్రాయెల్‌లో అరబ్బులు ఎక్కువగా ఉండే పెద్ద పట్టణాల్లో అదొకటి. "అక్కడ ఎప్పుడైనా రాత్రి ఉన్నావా?" అని అడిగితే నవ్వేశాడు. "హమ్మస్ తినడానికి వెళ్తాం, తిని వచ్చేస్తాం" అన్నాడు. నలభై ఏడేళ్ల మనిషి. ప్రపంచంలో ముప్పై దేశాలు తిరిగాడు. పక్క ఊళ్లో ఒక్క అరబ్బు ఇంట్లో నిద్ర చేయలేదు.

నేను నవ్వలేకపోయాను. మాది అనంతపురం జిల్లా. మా ఊళ్లో దూదేకుల వాళ్ల వీధికీ మా వీధికీ మధ్య ఒక చేదబావి మాత్రమే అడ్డం. ఆ వీధిలో నా స్నేహితుడి ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నానో లెక్కలేదు. కానీ అమెరికా వచ్చాక ఊరికి వెళ్లినప్పుడల్లా అనంతపురంలో ఏసీ హోటల్, అక్కడి నుంచి కారు, సాయంత్రానికి తిరుగు ప్రయాణం.

పేరు యేసుది, దారి అందరిదీ

మేం నడిచిన దారిని జీసస్ ట్రెయిల్ అంటారు. 2007లో మావోజ్ ఇనోన్ అనే ఇజ్రాయెలీ, డేవిడ్ లాండిస్ అనే అమెరికన్ కలిసి దీన్ని సిద్ధం చేశారు. కొత్తగా రోడ్డేమీ వేయలేదు. ఉన్న కాలిబాటలనే కలిపి, రాళ్ల మీద తెలుపు, నారింజ రంగు గుర్తులు పూశారు. పేరు చూసి ఇది క్రైస్తవుల యాత్ర అనుకుంటాం. దారిలో మష్‌హద్ అనే ముస్లిం ఊరుంది. అక్కడి మసీదులో యోనా ప్రవక్త సమాధి ఉందని నమ్మకం. ముస్లింలు ఆయన్నే యూనుస్ అంటారు. తర్వాత కఫర్ కన్నా, అంటే బైబిల్లోని కానా. పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమైన ఊరు. అక్కడ ముస్లింలు, క్రైస్తవులు కలిసే ఉంటారు. ఆ పైన లావి అనే కిబ్బుట్జ్, అంటే యూదుల సమష్టి గ్రామం. ఇంకా ముందుకు పోతే ద్రూజుల పుణ్యక్షేత్రం నబీ షుఐబ్. మోషే మామగారు యిత్రో సమాధి అదేనని వాళ్ల విశ్వాసం. ఏటా ఏప్రిల్ చివర్లో అక్కడ పెద్ద జాతర జరుగుతుంది.

నాలుగు రోజుల దారి కాబట్టి మధ్యలో ఎక్కడో ఒకచోట పడుకోవాలి, తినాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మామూలుగా ఆ దేశానికి వచ్చే యాత్రికులు బస్సు దిగి, నజరేతులో పెద్ద చర్చి చూసి, ఒక ఫొటో, ఒక జపమాల కొనుక్కుని మళ్లీ బస్సెక్కుతారు. రాత్రికి ఎక్కడో పెద్ద హోటల్లో దిగుతారు. ఊరికి మిగిలేది బస్సు పొగ. నడిచేవాడు అలా పోలేడు. వాడికి మంచినీళ్లు కావాలి, కాలికి పుండైతే మందు కావాలి, చీకటి పడితే ఎవరిదో ఒకరి తలుపు కొట్టాలి.

ఇనోన్ అంతకుముందు 2005లో నజరేతు పాత పట్టణంలో ఒక సత్రం తెరిచాడు. రెండు వందల ఏళ్ల నాటి అరబ్బు భవంతి అది, మూతపడి ఉంది. చుట్టూ పాత బజారులో దుకాణాలు చాలావరకు దించేసి ఉన్న కాలం. ఒక యూదుడు వచ్చి పాత ఇల్లు తీసుకుంటానంటే అక్కడి వాళ్లకు అనుమానం రాదా మరి? ఆ భూమి మీద ఇల్లు అనే మాటకున్న బరువు మనకు ఒక పట్టాన అర్థం కాదు. ఇంటి యజమాని కుటుంబం చివరికి ఒప్పుకుంది. సత్రానికి ఆ ఇంటి పెద్దాయన పేరే పెట్టారు, ఫౌజీ అజార్ ఇన్ అని. ఆయన మనవరాలే తర్వాత అక్కడ పని చూసుకుంది. మేం నడక మొదలుపెట్టే ముందు రాత్రి అక్కడే ఉన్నాం. పొద్దున్నే ఊరు తిప్పి చూపించారు, డబ్బులు అడగలేదు. ఆ తిప్పడంలో మసాలా దినుసుల కొట్టు, కాఫీ కొట్టు, మిఠాయి కొట్టు అన్నీ తగిలాయి. ఊరికే చూసి వచ్చేవాడెవడు? నేను కూడా ఒక కిలో జాతర్ పొడి కొన్నాను.

అయితే, యాత్రికులొస్తే శాంతి దానంతటదే వస్తుందని చెప్పే కరపత్రాలను నేను నమ్మను. నజరేతులోనే అందుకు విరుద్ధంగా జరిగింది. 2000వ సంవత్సరం వేడుకలకు, పోప్ రాకకు అని చర్చి ముందు ఒక పెద్ద మైదానం కట్టబోయారు. ఆ స్థలంలో మసీదు కట్టాలని కొందరు ముస్లింలు 1997 నుంచి అక్కడే గుడారం వేసి కూర్చున్నారు. 1999 ఈస్టర్‌కు వీధుల్లో కొట్టుకున్నారు. ఆఖరికి 2003లో ప్రభుత్వం ఆ పునాదులు తీసేసింది. అంటే యాత్రికుల కోసం చేసిన ఏర్పాటే గొడవకు కారణమైంది. బస్సుల్లో వచ్చే లక్షల మందికి చర్చి మాత్రమే కావాలి. చుట్టూ ఉన్న ఊరు వాళ్ల లెక్కలో లేదు. తేడా అక్కడుందని నాకనిపిస్తుంది.

అన్నం ముందు కూర్చున్నాక

మొదటి రోజు దాదాపు పధ్నాలుగు కిలోమీటర్లు. నజరేతు మెట్ల వీధులెక్కి కొండ మీదికి చేరి, సిప్పోరి మీదుగా మష్‌హద్, అక్కడి నుంచి కఫర్ కన్నా. సిప్పోరిలో రోమన్ల కాలపు శిథిలాలున్నాయి. నేల మీద రంగురాళ్లతో చేసిన ఒక స్త్రీ ముఖం ఉంది, 'గలిలయ మోనాలీసా' అని పిలుస్తారు. మా వాడు ఉత్సాహంగా చూపించాడు. స్కూల్లో ఉన్నప్పుడు పిక్నిక్‌కి ఇక్కడికే తెచ్చారట.

ఆ రాత్రి కఫర్ కన్నాలో ఒక ముస్లిం కుటుంబం వాళ్ల ఇంట్లో దిగాం. కింద వాళ్లుంటారు, మేడ మీద మూడు గదులు నడకవాళ్లకు అద్దెకిస్తారు. నేను మాంసం తిననని ముందే చెప్పి ఉన్నాను. ఇంటావిడ పెద్ద పళ్లెంలో ముజద్దరా తెచ్చింది. బియ్యం, మసూర్ పప్పు కలిపి వండి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. మా అనంతపురం పులగమే. చెనిక్కాయల చట్నీ ఒక్కటే తక్కువ. ఆ మాట చెబితే ఆవిడ రెండోసారి వడ్డించింది, వద్దన్నా వినకుండా. అది కూడా మా ఊరి పద్ధతే.

ఇంటాయన తండ్రి కూడా మాతో కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. హీబ్రూ బాగా వచ్చు. మా వాణ్ని హైఫాలో ఎక్కడుంటావని అడిగాడు. మా వాడు పేట పేరు చెప్పగానే, "ఆ వరసలో సగం బిల్డింగులకు నేను సిమెంటు మోశాను" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏ వీధి, ఏ మలుపు, ఏ బేకరీ అని చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత మా వాడు మర్యాదకు అడిగాడు, "మీ సొంత ఊరు ఇదేనా?"

"కాదు. ఇవాళ మీరు నడిచొచ్చిన దారిలోదే. సఫ్ఫూరియా."

సిప్పోరికి అరబ్బీ పేరు సఫ్ఫూరియా. నాలుగు వేలకు పైగా జనం ఉన్న ఊరు. 1948 జులైలో యుద్ధంలో ఖాళీ అయింది. కొందరు లెబనాన్ దాటిపోయారు. కొందరు నజరేతు చేరి ఒక పేటగా ఏర్పడ్డారు, ఆ పేటను ఇప్పటికీ సఫాఫ్రా అనే అంటారు. ఇంకొందరు ఇలా చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడ్డారు. పెద్దాయనకు అప్పుడు ఏడేళ్లు. దానిమ్మ తోట, గాడిద, తాళం వేయకుండా వచ్చేసిన ఇల్లు, ఇవే గుర్తున్నాయట. కోపంగా చెప్పలేదు. మా అవ్వ కరువు సంగతులు చెప్పినట్టు చెప్పాడు.

మా వాడు ఏమీ అనలేదు. క్షమాపణ చెప్పలేదు, వాదించలేదు. చేతిలో రొట్టె అలాగే ఉంది. ఆ పిక్నిక్ గురించి పొద్దున నాకు అంత చెప్పిన మనిషి, ఆ పెద్దాయన ముందు ఆ మాటే ఎత్తలేదు. ఇంటావిడ యాలకులు వేసిన కాఫీ తెచ్చింది. పెద్దాయనే మాట మార్చి, ఇండియాలో దానిమ్మ పండుతుందా అని నన్నడిగాడు. మా జిల్లాలో తోటలు తోటలే ఉన్నాయని చెప్పాను.

మరునాడు లావి అడవిలో ఒకచోట నాగజెముడు కంచె కనిపించింది. లూబియా అనే ఊరు ఉండేది అక్కడ, అది కూడా 1948లో పోయింది. ఇళ్లు పోయినా కంచెలు మళ్లీ మళ్లీ మొలుస్తాయి. మా వాడు కాసేపు అక్కడ నిలబడి, "చిన్నప్పుడు ఇలాంటి అడవుల్లోనే మాతో మొక్కలు నాటించేవారు" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం శుక్రవారం. లావి కిబ్బుట్జ్‌లో సబ్బాతు దీపాలు వెలిగించారు. ఆ ఊరు 1949లో బ్రిటన్ నుంచి వచ్చిన యువతీయువకులు కట్టుకున్నది. వాళ్లలో చాలామంది హిట్లర్ రోజుల్లో అమ్మానాన్నలను వదిలి పిల్లల రైళ్లలో జర్మనీ నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు. చాలామందికి ఆ అమ్మానాన్నలు మళ్లీ కనిపించలేదు. ముందు రాత్రి పెద్దాయన కథ విని, ఈ రాత్రి ఈ కథ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. టీవీలో చూసినప్పుడు ఒక పక్షం తీసుకోవడం తేలిక. రెండిళ్లలో వరసగా అన్నం తిన్నాక అంత తేలిక కాలేదు.

మూడో రోజు హత్తీన్ కొమ్ములెక్కాం. 1187లో సలాదిన్ క్రూసేడర్లను ఓడించిన చోటు. నాలుగో రోజు అర్బెల్ కొండ దిగి గలిలయ సముద్రం ఒడ్డున కపెర్నహూము చేరాం. నా కాళ్ల సంగతి రాయకపోవడమే మేలు.

తిరిగొచ్చాక ఈ నడక గురించి మా టీమ్‌లోని అరబ్బు అమ్మాయికి గొప్పగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "మంచిదే. కానీ మా ఇంట్లో మీరు భోజనం చేస్తే మా తమ్ముడికి ఇల్లు కట్టుకునే పర్మిట్ రాదు కదా" అంది. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

హైఫాలోనే ఒక పెద్దావిడకు తోడుగా పనిచేసే నిజామాబాద్ చెల్లెలు ఒకామె పరిచయమైంది. మన తెలుగువాళ్లు అక్కడ ఇలాంటి పనుల్లో చాలామందే ఉన్నారు. బతుకమ్మ కూడా ఆడుకుంటారు. ఆమె ఇంకోలా చెప్పింది. "దవాఖానల అందరు కలిసే ఉంటరన్నా. డాక్టరు అరబ్బాయన, నర్సు రష్యా ఆమె, మా అవ్వ యూదామె. ఊర్లకు పోతెనే ఎవరిది వాళ్లకు."

అక్టోబర్ తర్వాత

2019లో ఇజ్రాయెల్‌కు దాదాపు 45 లక్షల మంది విదేశీ యాత్రికులు వచ్చారు. 2024లో పది లక్షలు కూడా దాటలేదు. మధ్యలో కరోనా, ఆ తర్వాత 2023 అక్టోబర్ 7.

ఆ రోజు హమాస్ దాడిలో గాజా సరిహద్దు పక్కనే ఉన్న నెతివ్ హఅసారా అనే పల్లెలో మావోజ్ ఇనోన్ తల్లిదండ్రులు ఇద్దరూ వాళ్ల ఇంట్లోనే చనిపోయారు. అరబ్బు ఊళ్లో సత్రం తెరిచిన మనిషి, వాళ్ల ఊళ్లను కలుపుతూ దారి గీసిన మనిషి. కొద్ది రోజులకే ఆయన బయటికొచ్చి, నాకు పగ తీర్చుకోవడం వద్దు, గాజా మీద యుద్ధం వద్దు అన్నాడు. అప్పుడు ఆయనకు సానుభూతి చెబుతూ రాసినవాళ్లలో అజీజ్ అబూ సారా ఒకరు. పాలస్తీనా వాడు. పదేళ్ల వయసులో అన్నను పోగొట్టుకున్నాడు. రాళ్లు విసిరాడని పట్టుకెళ్లిన ఆ అన్న, ఇజ్రాయెల్ జైల్లో తిన్న దెబ్బలకు విడుదలయ్యాక ప్రాణం విడిచాడు. ఆ అజీజ్ పెద్దయ్యాక పెట్టింది కూడా యాత్రల సంస్థే, పేరు మెజ్దీ. దాని ప్రత్యేకత ఏమిటంటే ఒక బృందానికి ఇద్దరు గైడ్లు, ఒకరు ఇజ్రాయెలీ, ఒకరు పాలస్తీనీ. ఒకే చోటు గురించి ఇద్దరూ చెరో కథ చెబుతారు. కథలు కలవవు. కలవాలని వాళ్లు అనుకోరు కూడా.

ఈ ఇద్దరూ 2024 మే 18న ఇటలీలోని వెరోనాలో వేల మంది ముందు పక్కపక్కన నిలబడి మాట్లాడారు, పోప్ ఫ్రాన్సిస్ ఇద్దర్నీ దగ్గరికి తీసుకున్నారు. ఆ వీడియో నేను ఆఫీసులో చూశాను. దానికంటే నాకు ఎక్కువ పట్టింది మా వాడి సంగతి.

యుద్ధం మొదలైన మూడో రోజు మా వాడు కఫర్ కన్నాకు ఫోన్ చేశాడట, క్షేమంగా ఉన్నారా, సైరన్ మోగితే ఎక్కడికి వెళ్తారని. వాళ్ల వీధిలో షెల్టర్ లేదు. మెట్ల కింద కూర్చుంటామన్నాడు ఇంటాయన. సైన్యంలో ఉన్న నీ కొడుకు ఎలా ఉన్నాడని ఆయన అడిగాడు. తర్వాత కూడా రెండు మూడుసార్లు మాట్లాడుకున్నారు. గాజాలో చనిపోతున్న పిల్లల గురించి మాటొచ్చి ఒకసారి గట్టిగా పోట్లాడుకున్నారు. నెలల తరబడి మాటల్లేవు. 2024 శరత్కాలంలో గలిలయ మీద రాకెట్లు పడుతుంటే మా వాడే మళ్లీ ఫోన్ చేశాడు. నవంబర్ చివర్లో ఉత్తరాన కాల్పులు ఆగాయి. ఆ వారమే హైఫాలో వాళ్లింటికి ఐదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బా వచ్చింది, ఆ ఏటి కాపుది. "డబ్బులు పంపనా అంటే తిట్టాడు" అని మా వాడు నాకు ఫోన్లో చెప్పాడు. గాజా గురించి ఇద్దరూ ఇప్పటికీ ఒక మాట మీద లేరు. మేడ మీద గదులు ఖాళీగానే ఉన్నాయి.

అది విన్న రోజు నాకు నా సంగతి గుర్తొచ్చింది. ఇక్కడిదాకా రాసి ఆ సంగతి దాచడం బాగుండదు.

మా స్కూలు వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ని నేను. 2023 అక్టోబర్లో ఆ గ్రూపు నిండా ఇజ్రాయెల్, పాలస్తీనా. ఆ నేల ఎలా ఉంటుందో తెలియనివాళ్లు క్రికెట్ మ్యాచ్‌లా జట్లు కట్టారు. అది అక్కడితో ఆగలేదు, మన ఊరి ముస్లింల మీదికి మళ్లింది. ఒకడు పెట్టిన మెసేజ్ ఇక్కడ రాయలేను. చేదబావి అవతలి వీధిలోని నా స్నేహితుడు దాన్ని చూసి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. తీసేయమని నేను ఒక్క మాట రాయలేదు. ఆ రెండు ఊళ్లలోనూ అన్నం తిన్నవాణ్ని గ్రూపులో నేనొక్కణ్నే. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. ఏడాది దాటినా వాడికి ఫోన్ చేయలేదు.

వాడూ నేనూ చిన్నప్పుడు ఏటా మొహర్రానికి గూగూడు వెళ్లేవాళ్లం. నార్పల మండలం గూగూడు కుళ్లాయిస్వామి అంటే అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. పీర్ల చావిడి, ఆంజనేయస్వామి గుడి పక్కపక్కనే. కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. అగ్నిగుండం తొక్కేవాళ్లలో ఎవరిది ఏ మతమో అడిగేవాడు లేడు. మా తరగతిలో ముగ్గురు కుళ్లాయప్పలుండేవాళ్లు, ముగ్గురూ హిందువులే. రాత్రిళ్లు ఎవరింటి అరుగు మీదో పడుకునేవాళ్లం. ఆ ఇంటివాళ్లే పొద్దున ముఖం కడుక్కోను నీళ్లిచ్చి, బొరుగులు పెట్టేవాళ్లు. దానికి విలేజ్ టూరిజం అని పేరుంటుందని అప్పుడు మాకు తెలియదు.

ఆలివ్ నూనె సంగతి విన్న ఆదివారం వాడికి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"ఏం రా, ఇప్పుడు గుర్తొచ్చినానా?"

"ఆ రోజు ఆ మెసేజ్ నేనూ చూసినా రా" అన్నాను.

"తెలుసు. గ్రూపుకు అడ్మిన్‌వి నువ్వే కదా."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. వాళ్లమ్మ దగ్గుతున్న చప్పుడు వినిపించింది. బాగుందా అని అడిగాను. మోకాళ్ల నొప్పులట. వచ్చే మొహర్రానికి గూగూడు పోదామా, పిల్లలకు సెలవులే, తీసుకొస్తాను, అనంతపురంలో రూము చూసుకుంటాను అన్నాను.

"రూమంటే ఫోన్ పెట్టేస్తా. ఇంట్లో దిగు. అమ్మ పులగం చేస్తాది. నీ పిల్లోళ్లు కారం తింటారా?"

తింటారో లేదో నాకే తెలియదు. టికెట్లు మాత్రం నాలుగు తీసుకున్నాను.